పిల్లవాడి కలలోకి ఆ పాము ఎక్కణ్ణుంచి వచ్చింది?

ప్రశ్న: నేను ఈమధ్యే కథలు రాయడం మొదలుపెట్టాను. మూడో కథ బాల్యం మీద రాశాను. ఎనిమిదేళ్ళ పిల్లవాడు, వాడికో ఐదేళ్ళ చెల్లెలు. అమ్మానాన్నలు విడిపోబోతున్నారు. పిల్లలకి ఎవరూ ఏమీ చెప్పరు. కథంతా పిల్లవాడే ‘నేను’ అంటూ చెబుతాడు. వాడి మనసులో భయం చూపించడానికి రెండు కలలు పెట్టాను. ఒకటి వాడికి మూడున్నరేళ్ళప్పుడు వచ్చింది: పడవలో వెళ్తుంటే తుపాను, నాన్న మునిగిపోతుంటే వాడే చెయ్యి అందించి పైకి లాగుతాడు. రెండోది ఇప్పటిది: చీకటి అడవిలో నల్లపాము తరుముతుంది, అడుగులేని బావిలో పడిపోతాడు, బావిలోంచి ఒక తెల్ల పిట్ట ఎగిరిపోతుంది. పాము అంటే భయం, బావి ఒంటరితనం, తెల్ల పిట్ట ఆశ. ఒక సంపాదకుడు కథ తిప్పి పంపుతూ ‘కలలు అతికించినట్టున్నాయి’ అని ఒక్క ముక్క రాశారు. కలలు తీసేయమనా, ప్రతీకలు మార్చమనా? ఏ ప్రతీక వాడితే పాఠకుడికి సరిగ్గా అందుతుంది? చివర్లో అంతా కల అని తేలిస్తే ఎలా ఉంటుంది? కథ జతచేస్తున్నాను.

జవాబు: మీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి మొత్తం, రెండోసారి కలలున్న పేజీలు పక్కన పెట్టి. దాచుకోకుండా చెబుతాను, రెండోసారే బాగుంది. అలాగని కలలు తీసేయమనడం లేదు. మీ పిల్లవాడికి కల రావాల్సిందే. ఎవరూ నోరు విప్పని ఇంట్లో, పగలంతా పెద్దవాళ్ళ ముఖాలు చదువుకుంటూ తిరిగే ఎనిమిదేళ్ళవాడు రాత్రి నిద్రలో ఏదో ఒకటి చూడక తప్పదు. చిక్కల్లా ఏంటంటే, ఇప్పుడు వాడు చూస్తున్నది మీరు కన్న కల.

‘పాము అంటే భయం, బావి ఒంటరితనం, తెల్ల పిట్ట ఆశ’ అని రాశారు. అంటే ముందు మూడు అర్థాలు రాసుకుని, తర్వాత ఒక్కోదానికి ఒక్కో బొమ్మ వెతికారు. కలలో పాము కనిపిస్తే ఇది, పళ్ళు ఊడితే అది అని చెప్పే ఫలితాల పుస్తకాలూ ఇలాగే పనిచేస్తాయి. కల ఎవరికి వచ్చినా ఫలితం ఒకటే. మీ కథలో ఉన్నది మాత్రం ఎవరో ఒకరు కాదు, ఫలానా పిల్లవాడు. మూడో అంతస్తులో ఉంటాడు. బొత్తాలు కొరికే అలవాటుంది. మీ పన్నెండు పేజీల్లో ఎక్కడా వాడు పాముని చూడలేదు, బావిలోకి తొంగిచూడలేదు, అడవి పేరైనా ఎత్తలేదు. మరి ఆ మూడూ వాడి నిద్రలోకి ఎలా వచ్చాయి? మీరు తెచ్చి పెట్టారు. తెచ్చిన చెయ్యి పాఠకుడికి కనబడిపోతోంది. సంపాదకుడు ‘అతికించినట్టు’ అన్నది దాన్నే.

పాముతో నాకు పేచీ ఏమీ లేదండోయ్. దానికి మీ కథలోనే ఒక మంచి చోటు చూసిపెట్టాను, కాసేపట్లో చెబుతాను.

ముందు నా చిన్నప్పటి పీడకల ఒకటి వినండి. మేమున్న ఇంటికి పదకొండు మెట్లు. ఎక్కినప్పుడల్లా లెక్కపెట్టుకునేవాణ్ణి. కలలో అలాగే లెక్కపెడుతూ ఎక్కితే పన్నెండో మెట్టు వచ్చేది. అంతే. దాని మీద ఎవరూ కూర్చుని లేరు, అది విరిగిపోనూ లేదు. కాలు పెట్టగానే గుండె ఝల్లుమని మెలకువ వచ్చేసేది. ఎవరికైనా చెబితే ‘మెట్టుని చూసి భయమేంట్రా’ అని నవ్వేవాళ్ళు. ఆ రోజుల్లో నన్ను కలలో తరిమిన దెయ్యాలు ఒక్కటీ గుర్తులేవు, ఆ మెట్టు మాత్రం ఇప్పటికీ అరికాలికి తెలుస్తూనే ఉంటుంది. బాగా తెలిసిన వస్తువే, ఒక్క పిసరు తేడాగా కనిపించడం. పిల్లల కథల్లో కల రాయాల్సి వచ్చినప్పుడల్లా నేను వెతికేది ఆ పిసరునే.

ఇంతకంటే పెద్ద సాక్ష్యం కావాలంటే మనోవిశ్లేషణకి ఆద్యుడు ఫ్రాయిడ్ ఉన్నాడు. ఆయన కలల పుస్తకం 1899 నవంబరులోనే వచ్చినా దాని మీద 1900 అని వేశారు. అందులో తనకి ఏడెనిమిదేళ్ళప్పుడు వచ్చిన పీడకల ఒకటి చెప్పుకున్నాడు. నిద్రపోతున్నట్టు ప్రశాంతంగా ఉన్న అమ్మని, పక్షి ముక్కులున్న మనుషులు ఇద్దరో ముగ్గురో గదిలోకి మోసుకొచ్చి మంచం మీద పడుకోబెడతారు. పిల్లవాడు ఏడుస్తూ, అరుస్తూ లేచి ఇంట్లోవాళ్ళ నిద్ర చెడగొట్టాడు. అమ్మ ముఖం చూశాక గానీ కుదుటపడలేదు.

పక్షి ముక్కుల మనుషులు అనగానే ఎంత వింత ఊహ అనుకుంటాం. ఊహేమీ కాదు, పిల్లవాడు చూసిన బొమ్మల బైబిలులో డేగ తలలున్న ఈజిప్టు దేవతల చిత్రాలున్నాయి. కలలోకి వచ్చినవి అవే అంటాడు ఆయన. మరి అమ్మ ముఖంలో ఆ ప్రశాంతత? అది తాతయ్యది. చనిపోవడానికి కొన్ని రోజుల ముందు ఆయన స్పృహ లేకుండా గురకపెడుతూ పడుకుని ఉంటే పిల్లవాడు చూశాడు. పుస్తకంలో బొమ్మనీ, మంచం మీద తాతనీ కల తీసుకుని ఒకే గుడ్డగా కుట్టేసింది. ముప్పై ఏళ్ళు పోయాక ఫ్రాయిడ్ దాంట్లోంచి లాగిన అర్థం నాకంతగా రుచించదు, దాన్ని వదిలేయండి. సరుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో అది మాత్రం పట్టుకోండి. పిల్లవాడు మెలకువలో చూసినవే కలకి పనికొచ్చాయి.

ఇక్కడ మీరు నన్ను నిలదీయొచ్చు. జరిగినదే కలలోకి రావాలని రూలేమీ లేదు కదా, అని. నిజమే, లేదు. ఎర్నెస్ట్ హార్ట్‌మన్ అనే మనోవైద్యుడు ఈ సంగతి చాలాచోట్ల చెప్పాడు. అగ్నిప్రమాదం నుంచి బయటపడినవాళ్ళకి మొదట మంటలే కలలోకి వచ్చినా, తర్వాత్తర్వాత పెద్ద అల ఒకటి మీదపడి ఈడ్చుకుపోతున్నట్టు వస్తుందట. జరిగింది నిప్పుతో, కనిపించేది నీళ్ళు. ‘ఇక నా చేతుల్లో ఏమీ లేదు’ అన్న భావం మిగిలిపోయి, దానికి తగ్గ బొమ్మని మనసు ఎక్కణ్ణుంచో తెచ్చుకుంటుంది. ఆ లెక్కన మీ పామూ రావచ్చు, బావీ రావచ్చు. నిద్రలో ఏదైనా రావచ్చు. కాకపోతే నిద్రలో వచ్చిన కలని ఎవరికీ నమ్మించక్కర్లేదు, కథలో వచ్చినదాన్ని నమ్మించాలి. పాఠకుడి దగ్గర ఉన్నవి మీరిచ్చిన పన్నెండు పేజీలే. కల కూడా అందులోంచే తీసుకోవాలి. తీసుకున్నదాన్ని ఎంత వంకర తిప్పినా పరవాలేదు.

ఇప్పుడు మీ నాలుగో పేజీకి రండి. అక్కడ నాలుగైదు వాక్యాలు రాసి దాటిపోయారు గానీ, కథలో అన్నిటికంటే గట్టి చోటు అదే. పిల్లల మంచం కింద ఉండే పాత సూట్‌కేసు బయటికి లాగి నాన్న బట్టలు సర్దుకుంటున్నాడు. ఆఫీసు పని మీద ఊరెళ్ళాలంటాడు. మూత పడటం లేదు. ‘కాస్త ఎక్కి కూర్చోరా’ అంటాడు. పిల్లవాడు ఎగిరి కూర్చుంటాడు. నాన్న కొక్కేలు రెండూ నొక్కి, ‘నువ్వు లేకపోతే ఈ పనయ్యేది కాదు’ అని నవ్వి, పెట్టెని మళ్ళీ మంచం కిందకి తోసేస్తాడు. పిల్లవాడు సాయంత్రం దాకా గర్వంగా తిరుగుతాడు.

చదువుతుంటే నాకు కడుపులో తిప్పింది. నాన్న వెళ్ళిపోవడానికి వాడు సాయం చేశాడు. ఆ సంగతి వాడికి ఇంకా తెలియదు. ఆరో పేజీలో తలుపు చాటునుంచి అమ్మ మాటలు విన్నాక తెలుస్తుంది. కల రావాల్సింది ఆ రాత్రి. ఇంత సరుకు మంచం కిందే పెట్టుకుని మీరు అడవికి వెళ్ళారు!

నేనైతే ఇలా మొదలుపెట్టి చూస్తాను. ఇది మీ కథలో దింపుకోవడానికి కాదు, దారి ఎటుందో చూపించడానికి:

‘నేను పెట్టె మీద కూర్చున్నాను. నాన్న కొక్కెం నొక్కాడు. నీలం చొక్కా చెయ్యి ఒకటి బయటికి వేలాడుతోంది. వంగి లోపలికి తోశాను. అటువైపు ఇంకోటి వచ్చింది. అది కూడా తోశాను. మళ్ళీ ఇటువైపు వచ్చింది. నాన్న గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్నాడు. అయిపోయిందా, అన్నాడు వెనక్కి తిరక్కుండానే. అయిపోతోంది, అన్నాను. తోస్తున్నకొద్దీ చేతులు వస్తూనే ఉన్నాయి. ఒకటి నాన్నది కాదు. స్కూలు చొక్కాది. బొత్తం లేదు.’

ఇందులో భయం అన్న మాట లేదు, చీకటి లేదు. ‘కలలో’ అని కూడా చెప్పలేదు. చొక్కా చేతులు రెండు దాటగానే పాఠకుడికే తెలిసిపోతుంది. ఇంకో సంగతి గమనించండి. మన భాషలో చొక్కాకి ఉన్నదీ చెయ్యే, మనిషికి ఉన్నదీ చెయ్యే. ‘చేతులు వస్తూనే ఉన్నాయి’ అన్నప్పుడు వాడు తోస్తున్నది బట్టనా మనిషినా అన్న అనుమానం దానంతటదే పుడుతుంది. భాష ఇంత ఉదారంగా ఇస్తుంటే పామునెందుకండీ పిలవడం?

బొత్తం సంగతి మాత్రం ముందే నాటుకోవాలి. మీవాడికి బొత్తాలు కొరికే అలవాటు ఎలాగూ పెట్టారు. రెండో పేజీలో ‘స్కూలు చొక్కా చేతికి బొత్తం లేదు, అమ్మ కుడతానంది’ అని ఒక్క ముక్క అనేసి వెళ్ళిపోండి. అమ్మ కుట్టదు. ఎందుకు కుట్టలేదో చెప్పొద్దు. కలలో ఆ చెయ్యి కనిపించినప్పుడు పాఠకుడు దాన్ని గుర్తుపడతాడు. పాముని చూసి గుర్తుపట్టడానికి వాడి దగ్గర ఏమీ లేదు.

దీని అర్థమేంటి అని అడుగుతారేమో. వాడు నాన్నతో వెళ్ళిపోవాలనుకుంటున్నాడా, తననీ సర్దేస్తున్నారని భయపడుతున్నాడా, తనే అందర్నీ సర్దేస్తున్నాననుకుంటున్నాడా? నన్నడిగితే మూడూ అంటాను, వాణ్ణి అడిగితే ఒక్కటీ చెప్పలేడు. ‘సరిగ్గా అందే’ ప్రతీక ఏది అన్న మీ ప్రశ్నలో నాకు నచ్చనిది ఆ ‘సరిగ్గా’. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడనే అలంకారికుడు ధ్వని గురించి, అంటే మాటల్లో చెప్పకుండానే స్ఫురించే అర్థం గురించి చెబుతూ గంట పోలిక తెచ్చాడు. కొట్టిన దెబ్బ ఒక్కటే, దాని వెనక మోత సాగుతూ పోతుంది. అనురణనం అన్నాడు దాన్ని. మీ తొమ్మిదో పేజీ చివర్లో పిట్ట ఎగిరిపోగానే పిల్లవాడు ‘ఎక్కడో ఇంకా ఆశ మిగిలే ఉందనిపించింది’ అంటాడు. గంట కొట్టి, మోగేలోపే చేత్తో పట్టుకున్నట్టుంది. అందులోనూ ఎనిమిదేళ్ళవాడికి ఆశ మిగిలి ఉండటం అంటే ఏంటో ఏం తెలుసు? వాడికి తెలిసినదల్లా ఆదివారం నాన్న ఉంటాడా ఉండడా అన్నదే.

ఆ పేజీలో మాటలు కూడా ఒకసారి చూసుకోండి. కల మొదలవగానే మీవాడి భాష మారిపోతుంది. అప్పటిదాకా ‘అమ్మకి కోపం వచ్చింది, నేను హోంవర్క్ చేస్తున్నట్టు కూర్చున్నాను’ అని చక్కగా చెబుతున్నవాడు, ఒక్కసారిగా ‘గాఢాంధకారం’, ‘వికటాట్టహాసం’ అంటాడు. పాము అట్టహాసం చేయడం సంగతి సరే. వాడు రోజూ మాట్లాడే మాటలతోనే కల చెప్పాలి. పిల్లలెవరూ ‘స్వప్నం చూశాను’ అనరు, ‘కలొచ్చింది’ అంటారు. ‘నాన్న కల్లోకి వచ్చాడు’ అంటారు. ఇల్లు విడిచి వెళ్ళిన నాన్న గురించి ఒక పిల్లవాడు ఆ వాక్యం అన్నాడనుకోండి, ‘వచ్చాడు’ అన్న మామూలు మాట ఎంత బరువెక్కుతుందో చూడండి.

ఇక్కడే ఇంకో చిక్కు. మీ ‘నేను’ ఎప్పటి నేను? ఎనిమిదేళ్ళవాడే ఇప్పుడు చెబుతున్నాడా, పెద్దయ్యాక గుర్తుచేసుకుంటున్నాడా? మొదటి పేజీ పిల్లవాడి గొంతు, ఏడో పేజీలో ‘ఇప్పుడు తలచుకుంటే’ అని పెద్దమనిషి దూరిపోయాడు. పెద్దవాడైతే కల అర్థం తెలుసుకునే వీలుంది, అందుకే చెప్పేయాలన్న దురద కూడా ఉంటుంది. మీ కథకి పిల్లవాడే మేలు. ఆ ఏడో పేజీ వాక్యం కొట్టేయండి.

నిద్ర గురించి సంపాదకుడు ఏమీ అనలేదు గానీ నాకు గుచ్చుకుంది. మీవాడు పడుకున్న గంటకే కెవ్వున కేకపెట్టి లేచి కూర్చుంటాడు. కళ్ళు తెరిచే ఉంటాయి, అమ్మని గుర్తుపట్టడు, దగ్గరికి తీసుకోబోతే తోసేస్తాడు. కాసేపటికి మళ్ళీ పడుకుంటాడు. తెల్లారి లేచి పాము, బావి, పిట్ట వరసతప్పకుండా అప్పజెబుతాడు. రెండు వేరువేరు సంగతులు ఒకే రాత్రిలో కలిపేశారు.

మొదటిది నిద్రలో దడుచుకోవడం. వైద్యులు నైట్ టెర్రర్ అంటారు. నిద్రపట్టిన తొలి గంటల్లో, గాఢనిద్రలోంచి సగం బయటపడీ పడక జరుగుతుంది. చూసేవాళ్ళకి గుండె ఆగినంత పనవుతుంది. పిల్లవాడికి మాత్రం తెల్లారేసరికి సాధారణంగా ఏమీ గుర్తుండదు. రెండోది పీడకల. అది ఎక్కువగా రాత్రి రెండో సగంలో, తెల్లవారుజాము వైపు, రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదిలే రెమ్ నిద్రలో వస్తుంది. పిల్లవాడు పూర్తిగా మేలుకుంటాడు, అమ్మని కరుచుకుంటాడు, కల గుర్తుంటుంది. ఈ రెమ్ నిద్ర సంగతిని 1953లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి పరిశోధకులు అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ లోకానికి చెప్పారు. అసెరిన్‌స్కీ మొదట్లో తలకి తీగలు తగిలించి నిద్రపుచ్చి చూసినవాళ్ళలో ఎనిమిదేళ్ళ సొంత కొడుకు ఉన్నాడు. సరిగ్గా మీవాడి ఈడు. నాన్న ప్రయోగం కోసం నిద్రపోయిన పిల్లవాడు! అదీ ఒక కథే, మీరు కాకపోతే ఇంకెవరైనా రాయాలి.

నేను ఇదంతా చెప్పేది వైద్యం తప్పులు దిద్దడానికి కాదు, చెప్పేవాడెవరో చూసుకోమని. దడుచుకున్న రాత్రిని మీ ‘నేను’ చెప్పలేడు. కేక పెట్టింది తనే అయినా ఆ సమయంలో వాడు అక్కడ లేడు. దాన్ని మర్నాడు అమ్మ ఫోనులో ఎవరితోనో చెబుతుంటే వాడు వినాలి: ‘నన్నే తోసేశాడు వదినా. నా ముఖంలోకే చూస్తున్నాడు, నేనెవరో తెలియనట్టు.’ ఆ ఇంట్లో వాడికి తెలియకుండా జరిగేవాటిలో వాడి నిద్ర కూడా చేరిపోతుంది. నాకైతే ఇది పాము తరమడం కంటే భయంగా ఉంది. అది కావాలంటే కేక ఉంచుకుని కల తీసేయండి. కల కావాలంటే కేక తీసేసి తెల్లవారుజాముకి జరపండి. రెండూ కావాలంటే రెండు రాత్రులు పెట్టుకోండి.

మూడున్నరేళ్ళ కల మాత్రం పోవాల్సిందే. డేవిడ్ ఫౌక్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లల్ని ఏళ్ళ తరబడి నిద్ర ప్రయోగశాలలో పడుకోబెట్టి, రాత్రిళ్ళు లేపి కలలడిగాడు. 1982లో ఆ వివరాలు పుస్తకంగా వేశాడు. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలు రెమ్ నిద్రలోంచి లేపినా నూటికి దాదాపు పదిహేనుసార్లే ఏదైనా చెప్పారు. చెప్పినవి కూడా కదలని బొమ్మల్లాంటివి. ఏదో జంతువు కనిపించడం, తను ఎక్కడో పడుకుని ఉండటం. తనే ముందుకొచ్చి ఏదో ఒకటి చేసే కలలు ఏడెనిమిదేళ్ళకి గానీ రావంటాడు. ఆయనతో ఒప్పుకోని పరిశోధకులూ ఉన్నారు, ఉండనీండి. మూడున్నరేళ్ళ పిల్లవాడు పడవ నడిపి, తుపానులో నాన్నని కాపాడి, ఆ కథ అంతా గుర్తుపెట్టుకోవడం నమ్మకపోవడానికి ప్రయోగశాల అవసరం లేదు, పిల్లల్ని పెంచినవాళ్ళెవరూ నమ్మరు. ఆ వయసు కల ఒకటి ఉండాలని మీకు పట్టుదలగా ఉంటే ఒక్క బొమ్మతో సరిపెట్టండి: ‘కుక్క పడుకుని ఉంది.’ ఆపైన ఏమీ చెప్పకండి. చెప్పకపోతేనే భయం వేస్తుంది.

ఇక కల అయ్యాక ఏమవుతుందన్నది. కల కంటే నాకు ఆ తర్వాతి అరగంట ముఖ్యం. మీరు పిట్ట ఎగిరిపోగానే చుక్కలు పెట్టి నాలుగు రోజులు దాటేశారు. ఎనిమిదేళ్ళవాడు తెల్లవారుజామున ఉలిక్కిపడి లేస్తే ఏం చేస్తాడు? ముందు దుప్పటి బయట ఉన్న పాదం లోపలికి లాక్కుంటాడు. పక్క తడిసిందేమోనని చేత్తో తడిమి చూసుకుంటాడు. తడిసింది. ఐదేళ్ళ చెల్లెలే తడపడం మానేసింది, వాడు తడిపాడు. గొంతు ఎండిపోయింది. నీళ్ళు తాగాలంటే మంచం దిగాలి, దిగితే పాదాలు పెట్టే చోటు మంచం కింద ఉన్నదానికి దగ్గర. ఈ లెక్కలన్నీ వేసుకుంటూ పడుకునే ఉంటాడు. చలి మొదలవుతుంది. ఇదంతా రాయండి, తొందరపడకుండా రాయండి. పీడకల ఎంత భయంకరమో పాఠకుడికి తెలిసేది అందులో ఉన్నదాన్ని బట్టి కాదు, ఆ తడి దుప్పట్లో వాడు ఎంతసేపు కదలకుండా ఉన్నాడన్నదాన్ని బట్టి.

అప్పుడు అమ్మ వస్తుంది. ‘ఏంట్రా కన్నా, ఏం కలొచ్చింది?’ అంటుంది.

వాడు ఏం చెబుతాడు? పెట్టె కల చెప్పలేడు. చెప్పాలంటే, నిజంగానే మూత మీద కూర్చున్న సంగతి చెప్పాలి. నాన్న వెళ్ళడానికి తనే సాయం చేశానని ఒప్పుకోవాలి. అందుకని, మీ పాము రావాల్సింది ఇదిగో ఇక్కడ, ‘పామొచ్చిందమ్మా’ అంటాడు.

పాముకి భయపడితే పెద్దవాళ్ళకి అర్థమవుతుంది. పక్కన పడుకుంటారు, వీపు నిమురుతారు, పాములేవీ రావు పడుకో అంటారు. అమ్మకి కూడా ఊరట, పామే కదా అని. ఎనిమిదేళ్ళకే వాడు ఎలాంటి కల చెబితే ఎలాంటి జవాబు వస్తుందో నేర్చేసుకున్నాడు. మీరు ప్రతీకగా పెడితే అతికించినట్టున్న పాము, వాడి నోట్లో అబద్ధంగా ఎంత చక్కగా ఇమిడిపోయిందో చూశారా? ఏ మార్పూ అక్కర్లేదు, నల్లపామే, అడవిలోనే. కావాలంటే బావి కూడా పెట్టుకోనివ్వండి. అబద్ధం చెప్పే పిల్లలు వివరాలు కాస్త ఎక్కువే చెబుతారు.

చెల్లెలి గురించి కూడా చెప్పాలి. పాపం ఆ పిల్ల పన్నెండు పేజీల్లోనూ ‘అన్నయ్యా ఆకలి’ అనడం తప్ప ఏ పనీ చెయ్యదు. ఐదారేళ్ళ పిల్లలు కల బయటినుంచి వస్తుందనీ, గదిలోనే ఉంటుందనీ అనుకుంటారని పియాజే అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1926లో రాశాడు, పిల్లల్నే కూర్చోబెట్టి అడిగి మరీ. కాబట్టి పాము మాట వినగానే ఆ పిల్లకి ఒకటే అనుమానం రావాలి: అది ఇంకా ఇక్కడే ఉందా? మంచం దిగుతుంది. మోకాళ్ళ మీద కూర్చుని కిందకి వంగి చూస్తుంది. అన్నయ్యకి ఆ ధైర్యం లేదు, ఎందుకు లేదో మనకి తెలుసు. పిల్ల తల పైకెత్తి చెబుతుంది:

‘పాము లేదు. పెట్టె కూడా లేదు.’

ఇది పెట్టుకుంటే పదకొండో పేజీలో నాన్న గుమ్మం దగ్గర నిలబడి చెప్పే వీడ్కోలు ప్రసంగం అవసరం ఉండదు. ఆ ప్రసంగం ఎలాగూ బాగాలేదు, ఏ నాన్నా అంత పద్ధతిగా మాట్లాడడు. సరే, మీ కథ నేను రాసేస్తున్నానేమో, ఇక్కడితో ఆపుతాను.

మిగిలిన ప్రశ్నలకి గబగబా చెప్పేస్తాను. చివర్లో అంతా కల అని తేల్చకండి. పన్నెండు పేజీలు నమ్మి చదివినవాణ్ణి వెర్రివాణ్ణి చేసినట్టవుతుంది. కలతో కథ ఎత్తుకోవద్దు, ఇంకా పిల్లవాడెవరో తెలియకుండా వాడి కల ఎవరికి కావాలి? ఒక కథకి ఒక కల చాలు. పొడవు పది వాక్యాలు దాటితే పాఠకుడు మెల్లగా కిందికి చూపు జారుస్తాడు. నేనూ జార్చాను, మీ కథలోనే. తెల్ల పిట్ట మాత్రం ఏ రూపంలోనూ వద్దు. నల్లగా మార్చినా వద్దు.

తిరగరాశాక మళ్ళీ పంపండి. పంపేముందు పిల్లవాడి వయసు ఒకసారి చూసుకోండి, రెండో పేజీలో ఎనిమిది, పదో పేజీలో తొమ్మిది అని ఉంది.